రిసరెక్షన్ ఆఫ్ ఈవిల్: గ్రాబర్ చేతిలోంచి జారిపోతోంది, తూటాలు చాలట్లేదు, మోడ్ పని చేయట్లేదు

తుప్పుబుల్లెట్
డూమ్ 3 గేమ్ అయిపోయింది, దాని ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) రిసరెక్షన్ ఆఫ్ ఈవిల్ మొదలెట్టా. పాత ఒరిజినల్ వెర్షన్, డ్యూమ్3 (dhewm3) సోర్స్ పోర్ట్ మీద, అంటే అసలు గేమ్ కోడ్‌ని అభిమానులు మెరుగుపరిచిన వెర్షన్. డిఫికల్టీ మెరైన్. ఎరెబస్ లెవెల్స్‌లోనే చుక్కలు కనపడుతున్నాయి. నా గోల ఇదీ:
ఆ నీలం బంతులు విసిరే కొత్త రాక్షసులు (వల్గర్) గుంపుగా వస్తే షాట్‌గన్ షెల్స్ అన్నీ వాటికే అయిపోతున్నాయి. గ్రాబర్‌తో (వస్తువుల్ని దూరం నుంచి పట్టి విసిరే తుపాకీ) పెట్టె పట్టుకుంటే కాసేపటికి వణికి దానంతటదే పడిపోతోంది, ఇది బగ్గా? శక్తులిచ్చే ఆ గుండెకాయలాంటి ఆర్టిఫాక్ట్ ఎప్పుడు చూసినా ఖాళీ. మెయిన్ గేమ్‌లో బ్రహ్మాండంగా నడిచిన డక్ట్ టేప్ మోడ్ (తుపాకీకి టార్చ్ అంటించే మార్పు) ఇక్కడ అసలు లోడ్ కావట్లేదు. ఇన్ని కష్టాలు పడే కంటే బిఎఫ్‌జి ఎడిషన్‌కి (ఇదే గేమ్ తర్వాత వచ్చిన కొత్త వెర్షన్) మారిపోతే మేలా?

మార్స్‌మామ
బగ్ కాదు. గ్రాబర్ ఒక వస్తువుని 3 సెకన్లే పట్టుకుంటుంది, డిఫాల్ట్ అంతే. వణుకు మొదలైందంటే టైమ్ అయిపోవచ్చిందని హెచ్చరిక. పట్టుకుని నిలబడి దిక్కులు చూడ్డానికి ఇచ్చిన తుపాకీ కాదది. పట్టుకో, తిరుగు, విసురు.
షెల్స్ అయిపోతున్నాయంటే అసలు కారణం వేరే: వల్గర్ మీద షెల్స్ వాడుతున్నావు. వాటి బంతిని గ్రాబర్‌తో గాల్లోనే అందుకుని వాటికే తిరిగి కొట్టాలి. గ్రాబర్‌కి తూటాలు అక్కర్లేదు, ఎంత వాడినా తరగదు. డెవలపర్లు తూటాలు లెక్కగట్టి పెట్టింది నువ్వు గ్రాబర్ వాడతావనే నమ్మకంతో.

రెండుగొట్టాలు
గ్రాబర్ గ్రాబర్ అని మొదలెట్టేశారు మళ్ళీ. డబుల్ బ్యారెల్ షాట్‌గన్ ఉండగా బంతులాటెందుకు? దగ్గరికి రానివ్వు, ఒక్క దెబ్బ, అవతల పడుతుంది.

మార్స్‌మామ
ఆ ఒక్క దెబ్బకి రెండు షెల్స్. మామూలు షాట్‌గన్‌కీ దానికీ షెల్స్ ఒకే సంచిలోంచి వస్తాయి. ప్రతి పేలుడుకీ రీలోడ్. నాలుగు వల్గర్లు వస్తే మొదటిది పడుతుంది, రెండోదాని పంజా మొహం మీద పడుతుంది. అతను అడిగిందే తూటాలు చాలట్లేదని కదా గురూ.

రెండుగొట్టాలు
అందుకే మూల చూసుకుని నిలబడాలి. తలుపు పక్కన గోడకి ఆనుకుంటే ఒక్కొక్కటే వస్తుంది. రీలోడ్ టైమ్‌లో ఒక అడుగు వెనక్కి వేసి తలుపు చాటుకి వెళ్ళడమే. దూరం నుంచి కాల్చేవాళ్ళే దాన్ని తిడతారు. నాలుగడుగుల దూరం దాటితే అది వట్టి శబ్దం, ఒప్పుకుంటా.

కన్సోల్‌కింగ్
ముందు ఇన్‌స్టాల్ సంగతి తేల్చుదాం, సగం కష్టాలు అక్కడే పుడతాయి. బేస్ ఫోల్డర్‌లో పాక్000 నుంచి పాక్008 దాకా పీకే4 ఫైళ్ళు (గేమ్ డేటా ఉండేవి) ఉండాలి. 000 నుంచి 004 డిస్కువి, 005 నుంచి 008 దాకా 1.3.1 ప్యాచ్‌తో వస్తాయి. పక్కనే డి3ఎక్స్‌పి అనే ఫోల్డర్, అందులో పాక్000, పాక్001. ఎక్స్‌పాన్షన్ అంతా ఆ రెండు ఫైళ్ళే, కానీ బేస్ లేకుండా నడవదు. టెక్స్చర్లు, శబ్దాలు సగం పైగా అక్కణ్ణించే తీసుకుంటుంది.
స్టార్ట్ చేసేటప్పుడు షార్ట్‌కట్ చివర +సెట్ ఎఫ్ఎస్_గేమ్ డి3ఎక్స్‌పి అని పెట్టు, లేదా మెనూలో మోడ్స్‌లోకి వెళ్ళి ఎంచుకో. ఎగ్జిక్యూటబుల్ పక్కన బేస్ లైబ్రరీతో పాటు డి3ఎక్స్‌పి లైబ్రరీ కూడా ఉందో లేదో చూడు. కొంతమంది జిప్ విప్పి ఎగ్జిక్యూటబుల్ ఒక్కటే కాపీ చేసుకుని, మెయిన్ గేమ్ కూడా తెరుచుకోవట్లేదని గోల పెడతారు.

తుప్పుబుల్లెట్
@కన్సోల్‌కింగ్ అన్నీ ఉన్నాయన్నా, గేమ్ బాగానే తెరుచుకుంటోంది. వైడ్‌స్క్రీన్‌లో మెనూ, పీడీఏ (ఆటలోని చేతి కంప్యూటర్) మాత్రం అడ్డంగా సాగి కనపడుతున్నాయి.

కన్సోల్‌కింగ్
ఆర్_స్కేల్‌మెనూస్‌టు43 విలువ కన్సోల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) 1 చెయ్యి, మెనూ, పీడీఏ రెండూ 4:3 కొలతకి వస్తాయి. కొత్త రిలీజ్ అయితే ఎఫ్10 నొక్కు, సెట్టింగ్స్ అన్నీ ఒకే కిటికీలో వస్తాయి, కన్సోల్ తెరవక్కర్లేదు. ఆట మధ్యలో కనపడే హెల్త్, తూటాల డిస్‌ప్లే మాత్రం దీంతో సర్దుకోదు, దానికి వేరే మోడ్ కావాలి.
ఒరిజినల్ ఎగ్జిక్యూటబుల్ వాడేవాళ్ళకి: ఆర్_మోడ్ -1, తర్వాత కస్టమ్ విడ్త్, కస్టమ్ హైట్. ఆర్_ఆస్పెక్ట్‌రేషియో 16:9కి 1, 16:10కి 2. కన్సోల్ కంట్రోల్, ఆల్ట్, టిల్డా కలిపి నొక్కితే వస్తుంది.

పీకే4పిచ్చి
డక్ట్ టేప్ సంగతి నాకు వదిలేయండి.
తుప్పుబుల్లెట్, నువ్వు మోడ్‌ని బేస్‌లో పెట్టావు, అవునా? గేమ్ ఫైళ్ళు వెతికే వరస ఇలా ఉంటుంది: ముందు ఎఫ్ఎస్_గేమ్‌లో చెప్పిన ఫోల్డర్, అంటే డి3ఎక్స్‌పి. అక్కడ దొరక్కపోతేనే బేస్. ఒకే పేరు, ఒకే దారి ఉన్న ఫైల్ రెండు చోట్లా ఉంటే డి3ఎక్స్‌పిదే చెల్లుతుంది. ఎక్స్‌పాన్షన్ తన సొంత ప్లేయర్, ఆయుధాల ఫైళ్ళు తెచ్చుకుంది కాబట్టి బేస్‌లో ఉన్న నీ మోడ్ ఫైళ్ళ వైపు గేమ్ కన్నెత్తి కూడా చూడదు.

తుప్పుబుల్లెట్
అయితే అదే పీకే4ని డి3ఎక్స్‌పిలోకి మార్చేస్తే సరి కదా?

పీకే4పిచ్చి
వద్దు వద్దు! అప్పుడు ఇంకా ఘోరం. మోడ్‌లో డూమ్_మెయిన్ స్క్రిప్ట్ ఉంటే అది పాత గేమ్‌ది. గ్రాబర్, ఆర్టిఫాక్ట్, డబుల్ బ్యారెల్ స్క్రిప్ట్‌లని పిలిచే వరసలు అందులో ఉండవు. అది కొత్తదాన్ని కప్పేస్తే గేమ్ లెవెల్ లోడ్ దగ్గరే ఎర్రర్ కొట్టి మెనూకి విసిరేస్తుంది.
ఎక్స్‌పాన్షన్ కోసమే చేసిన డక్ట్ టేప్ వెర్షన్ వాడు. లేదా చేత్తో కలుపుకో. పీకే4 అంటే జిప్పే, ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి విప్పు. డి3ఎక్స్‌పిలోని ఒరిజినల్ ఫైల్ తెరిచి మోడ్‌లో మార్చిన లైన్లు మాత్రం అందులో అతికించు, ఫైల్ మొత్తం కాపీ కొట్టకు. తర్వాత మళ్ళీ జిప్ చేసి, అక్షరక్రమంలో పాక్001 తర్వాత వచ్చే పేరు పెట్టు. వెనక వచ్చే పేరుదే గెలుపు. జిప్ చేసేటప్పుడు పై ఫోల్డర్‌తో కలిపి చేయకు, డెఫ్, స్క్రిప్ట్ ఫోల్డర్లు జిప్ తెరవగానే కనపడాలి. పది మందిలో ఎనిమిది మంది తప్పేది ఇక్కడే.

టార్చ్‌తాత
టార్చ్‌ని తుపాకీకి అంటించి ఆడేవాళ్ళు ఈ ఆట ఆడినట్టే కాదు. టార్చా, తుపాకీయా అని తేల్చుకోలేక చచ్చే ఆ అర సెకనే డూమ్ 3.

పీకే4పిచ్చి
తాతగారూ, ఈ వాదన 2004 ఆగస్టు నుంచి నడుస్తోంది. ఇంకో దారం తెరుచుకోండి.

నీడలదొర
తాత మాటే కరెక్ట్. అసలీ ఎక్స్‌పాన్షన్‌తోనే భయం సగం చచ్చింది. టైమ్‌ని నాలుగో వంతుకి తగ్గించే మంత్రపు గుండె ఒకటి, నిప్పుబంతుల్ని పట్టుకునే యంత్రం ఒకటి. అంత బలం ఉన్నవాడికి భయమెందుకు?

నైట్‌మేర్‌నాని
@నీడలదొర నైట్‌మేర్‌లో ఆడి ఆ మాట చెప్పండి చూద్దాం.

బిఎఫ్‌జి_బుజ్జి
బిఎఫ్‌జి ఎడిషన్ గురించి ఎవరూ చెప్పలేదే. 2012లో వచ్చింది, ఎక్స్‌పాన్షన్ కలిసే ఉంది, టార్చ్ కవచానికి బిగించి ఉంటుంది, మోడ్ గొడవ లేదు. తూటాలు కూడా ధారాళంగా ఇస్తారు. పైగా లాస్ట్ మిషన్ అని ఇంకో 8 లెవెల్స్. తుప్పుబుల్లెట్‌కి ఉన్న రెండు కష్టాలు అక్కడ లేనే లేవు.

మార్స్‌మామ
కష్టం లేకపోవడమే దాని కష్టం. షెల్స్ దండిగా ఉంటే గ్రాబర్ ఎవడు తీస్తాడు? ఈ లెవెల్స్ గీసినప్పుడు లెక్క అది కాదు.

కన్సోల్‌కింగ్
బుజ్జి, ఒక్క జాగ్రత్త కూడా చెప్పు: బిఎఫ్‌జి ఎడిషన్ డేటా డ్యూమ్3తో నడవదు. ఫోల్డర్ తెరిస్తే పీకే4 బదులు .రిసోర్సెస్ ఫైళ్ళు కనపడితే అది బిఎఫ్‌జి ఎడిషన్. దానికి ఆర్‌బిడూమ్ 3 బిఎఫ్‌జి అనే పోర్ట్ వేరే ఉంది. ఒకదాని ఫైళ్ళు ఇంకోదాంట్లో పెట్టి తల బాదుకోవద్దు. సేవ్‌లు కూడా అటూ ఇటూ మారవు.

బిఎఫ్‌జి_బుజ్జి
ఆర్‌బిడూమ్ సంగతి నిజం. కానీ మొదటిసారి ఆడేవాళ్ళకి బిఎఫ్‌జి ఎడిషనే హాయి, ఈ మాట మీద మాత్రం తగ్గను.

తుప్పుబుల్లెట్
సగం దాకా వచ్చేశా, ఒరిజినల్‌లోనే పూర్తి చేస్తా. గ్రాబర్‌తో బంతి పట్టుకోవడం ఎలాగో ఎవరైనా సరిగ్గా చెప్పండి. పదింటిలో రెండు కూడా అందట్లేదు.

మార్స్‌మామ
దీనికి కాస్త వివరంగా రాస్తా.
ముందు బటన్. గ్రాబర్‌ని కీబోర్డ్ మీద ఉంచకు, మౌస్ పక్క బటన్‌కి మార్చు. తుపాకీ దించి గ్రాబర్ ఎత్తే యానిమేషన్‌కి పట్టే కాలంలోనే బంతి వచ్చి తగులుతుంది. కాబట్టి వల్గర్ కనపడ్డాక గ్రాబర్ తీయడం ఆలస్యం. గది తలుపు తెరిచేటప్పుడే అది చేతిలో ఉండాలి.
తర్వాత గురి. రాక్షసుణ్ణి చూడకు, బంతిని చూడు. బంతి సూటిగానే వస్తుంది. పక్కకి పరుగెత్తుతూ పట్టాలని చూస్తే గురి జారిపోతుంది. ఒక్క క్షణం నిలబడి, వస్తున్న దారికి ఎదురుగా గురిపెట్టి నొక్కాలి. మరీ దూరంలో ఉండగా నొక్కితే అందదు, గ్రాబర్ చేతికి ఒక హద్దుంది. మరీ దగ్గరికొచ్చాక నొక్కితే నీకే తగులుతుంది. విసిరే ముందు చెయ్యి వెనక్కి లాగే భంగిమ ఉంటుంది చూడు, అది కనపడగానే సిద్ధం కావాలి, బంతి చెయ్యి వదిలి సగం దూరం వచ్చాక నొక్కాలి.
పట్టుకున్న క్షణం నుంచి ఆ బంతి నీ సొత్తు, నీ ఆయుధం లెక్కే. వెంటనే వదులు. ఇంప్ (నిప్పుబంతులు విసిరే మామూలు రాక్షసుడు) గానీ వల్గర్ గానీ తన బంతి తనకే తిరిగి తగిలితే మామూలుగా లేవదు. గురి నేరుగా ఛాతీ మీద పెట్టు, అవి పక్కకి గెంతే రకం కాబట్టి నేల మీద కాళ్ళు ఆనిన క్షణంలో వదిలితే తప్పదు.
మూడోది, రెండు వస్తే. ఒకదాని బంతి నీ చేతిలో ఉండగా రెండోది విసిరితే నువ్వు దాన్ని పట్టలేవు. అప్పుడు మొదటి బంతిని ఆలోచించకుండా వదిలేసి రెండోదానికి సిద్ధమవ్వు. మూడు దాటితే గ్రాబర్ పక్కనపెట్టి రెండుగొట్టాలు గారు చెప్పిన తలుపు చాటు పద్ధతే మంచిది. ఆయన ఆ ఒక్కటి మాత్రం బాగానే చెప్పారు.

రెండుగొట్టాలు
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా. మార్స్‌మామ నన్ను మెచ్చుకున్న రోజు.

టార్చ్‌తాత
బ్యారెల్ పట్టుకునేవాళ్ళు జాగ్రత్త. పేలే డ్రమ్ము ముందు పెట్టుకుని తిరుగుతుంటే ఎదుటివాడి నిప్పుబంతి దానికే తగులుతుంది, నీ మొహం ముందే పేలుతుంది. డ్రమ్ము పట్టాలంటే శత్రువు కనపడే ముందే పట్టి, చూసిన వెంటనే విసిరేయాలి. మామూలు పెట్టె అయితే కాసేపు డాలులా పనికొస్తుంది.

నీడలదొర
ఇదంతా వేరే గేమ్‌లోని గ్రావిటీ గన్ కాపీయే కదా. హాఫ్ లైఫ్ 2 2004 నవంబరు, ఇది 2005 ఏప్రిల్.

మార్స్‌మామ
ఐదు నెలల్లో ఆయుధం, దాని చుట్టూ 12 లెవెల్స్ పుట్టుకురావు దొరగారూ. పైగా పని తీరు వేరు. అక్కడ రేడియేటర్‌ని చేతిలో పెట్టుకుని ఎంత దూరమైనా నడవొచ్చు, ఇక్కడ 3 సెకన్లు. అక్కడ సామాన్లు విసరడం గొప్ప, ఇక్కడ వాళ్ళ దెబ్బ వాళ్ళకే తిప్పికొట్టడం గొప్ప. ఫర్గాటెన్ వన్ అని ఎగిరే పుర్రెలు వస్తాయి, అవి మీదకి దూకుతుంటే గాల్లోనే పట్టుకుని గోడకేసి కొట్టొచ్చు. ఆ సుఖం ఇక్కడే.

కన్సోల్‌కింగ్
మార్చుకోవాలనుకునేవాళ్ళకి జి_గ్రాబర్‌హోల్డ్‌సెకండ్స్ అని వేరియబుల్ ఉంది, 3 బదులు ఎంతైనా పెట్టుకోవచ్చు. వణుకు నచ్చకపోతే జి_గ్రాబర్‌ఎనేబుల్‌షేక్ 0. ఇవి చీటింగ్ కిందికి వస్తాయా రావా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నా.

నీడలదొర
వస్తాయి.

తుప్పుబుల్లెట్
మార్స్‌మామ, బటన్ మార్చాక తేడా తెలుస్తోంది, సగానికి సగం అందుతున్నాయి. ఇక ఆర్టిఫాక్ట్. మెయిన్ గేమ్‌లో సోల్ క్యూబ్ లాగా ఐదుగురిని చంపితే నిండుతుందనుకున్నా, నిండట్లేదు.

నైట్‌మేర్‌నాని
సోల్ క్యూబ్ వేరు, ఇది వేరు. ఎంతమందిని చంపినా నిండదు. దీనికి మనుషుల ఆత్మలు కావాలి. లెవెల్‌లో అక్కడక్కడా మనుషుల శవాలు పడి ఉంటాయి. ఆర్టిఫాక్ట్ చేతిలోకి తీసుకుని వాటి దగ్గరికి వెళ్ళాలి, అప్పుడు లాగేసుకుంటుంది. ఒక శవం ఒక్కసారే. మొత్తం 3 ఛార్జ్‌ల దాకా దాచుకోవచ్చు. రాక్షసుల కళేబరాలు పనికిరావు.
ఇక్కడ అందరూ చేసే తప్పు: 3 నిండి ఉండగా ఇంకో శవం కనపడితే దాటి వెళ్ళిపోతారు, తర్వాత గదిలో 3 వాడేసి, వెనక్కి వచ్చే దారి మూసుకుపోయి చేతులు ముడుచుకుంటారు. శవం ఎక్కడుందో గుర్తుపెట్టుకో. తర్వాతి గదిలో ఒకటి ఖర్చుపెట్టి వెనక్కొచ్చి నింపుకో.

మార్స్‌మామ
దానికి తోడు: ఆ గుండె శక్తులు ఒకేసారి రావు. ముగ్గురు హంటర్లనే పెద్ద రాక్షసులు ఉంటారు. మొదటివాణ్ణి చంపితే హెల్ టైమ్ (లోకం మెల్లగా నడవడం), రెండోవాణ్ణి చంపితే బెర్సర్క్ (దెబ్బ బలం పెరగడం), మూడోవాణ్ణి చంపితే ఇన్‌వల్నరబిలిటీ (దెబ్బ తగలకపోవడం). మూడూ వచ్చాక ఒక్కసారి వాడితే మూడూ కలిసే పని చేస్తాయి. కాబట్టి ఎరెబస్‌లో ఉన్న ఆర్టిఫాక్ట్, ఫోబోస్ చివర్లో ఉండే ఆర్టిఫాక్ట్ ఒకటి కాదు. ఇప్పుడు నీకున్నది సమయం ఒక్కటే, దెబ్బ తగిలితే తగిలినట్టే.

తుప్పుబుల్లెట్
హెల్ టైమ్ వాడినప్పుడు శబ్దమంతా లోతుగా సాగుతోంది, సౌండ్ డ్రైవర్ సమస్య అనుకున్నా.

పీకే4పిచ్చి
కాదు, కావాలనే చేసింది. కోడ్‌లో రెండు గడియారాలు ఉంటాయి. లోకం గడియారం మెల్లగా దిగుతూ నాలుగో వంతు వేగానికి వస్తుంది, శబ్దం దానితో పాటే దిగుతుంది. నీ గడియారం మాత్రం మామూలుగానే నడుస్తుంది. అంటే నీ నడక, గురి, రీలోడ్ అన్నీ అసలు వేగంలోనే.

రెండుగొట్టాలు
అదీ లెక్క! ఇందాక డబుల్ బ్యారెల్ రీలోడ్ ఆలస్యమని ఎవరో అన్నారు. హెల్ టైమ్‌లో ఆ రీలోడ్ శత్రువు కళ్ళకి నాలుగు రెట్లు వేగం. ఒకడి దగ్గరికి వెళ్ళడం, రెండు గొట్టాలూ పేల్చడం, నింపడం, పక్కవాడు. గది మొత్తం ఊడ్చేయొచ్చు. హెల్ టైమ్‌లో మెషిన్ గన్ తీసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

మార్స్‌మామ
ఈ కాంబినేషన్‌కి నా ఓటు కూడా. బ్రూజర్లనే రాక్షసుల మీద దీన్నే వాడాలి. ఆ నోట్లో స్క్రీన్ ఉన్న లావుపాటి శాల్తీ రెండు చేతుల్తోనూ కాలుస్తుంది, దూరం నుంచి ప్లాస్మా గన్‌తో కొడితే సెల్స్ ఊడ్చుకుపోతాయి. ఒక్కటే ఉంటే దాని తూటాలే గ్రాబర్‌తో తిప్పికొట్టు. రెండు వస్తే ఆర్టిఫాక్ట్, డబుల్ బ్యారెల్. రాకెట్లు మాత్రం ఇరుకు గదిలో వద్దు.

తుప్పుబుల్లెట్
మెరైన్‌లోనే ఇంత తగులుతోందంటే పై డిఫికల్టీలు ఏమిటో. నిజంగా ఎంత తేడా?

నైట్‌మేర్‌నాని
లెక్కలు సోర్స్ కోడ్‌లోనే ఉన్నాయి, 2011 నవంబరులో బయటపెట్టారు కదా. నీకు తగిలే దెబ్బ మెరైన్‌లో ఉన్నదున్నట్టు, రిక్రూట్‌లో సగం, వెటరన్‌లో 1.7 రెట్లు, నైట్‌మేర్‌లో 3.5 రెట్లు.
20 పాయింట్ల దెబ్బ తీసుకో. రిక్రూట్‌కి 10, వెటరన్‌కి 34, నైట్‌మేర్‌కి 70. కవచం ఉంటే అందులో 30 శాతమే మోస్తుంది, మిగతాది నీ ఒంటికే. అంటే నైట్‌మేర్‌లో కవచం ఉన్నా ఆ ఒక్క దెబ్బకి హెల్త్ 49 పోతుంది. చాలామంది కవచం 100 చూసి ధైర్యంగా దూకుతారు, అది సగం కూడా ఆపదు.
ఇంకా ఉంది. నైట్‌మేర్‌లో నేల మీద మెడ్‌కిట్లు ఉండవు, పుట్టకుండానే కోడ్ తీసేస్తుంది. హెల్త్ 5 సెకన్లకి 5 చొప్పున కరిగి 25 దగ్గర ఆగుతుంది. గోడకున్న హెల్త్ స్టేషన్లే దిక్కు. హెల్త్ స్టేషన్ వాడాక అక్కడే సంబరాలు చేసుకోకుండా పరుగెత్తాలి, 100 నుంచి 25కి రావడానికి పట్టేది 75 సెకన్లే.
ఇంకో గుట్టు: కింది రెండు డిఫికల్టీల్లో గేమ్ నిన్ను రహస్యంగా కాపాడుతుంది. వరసగా దెబ్బలు తింటుంటే ఒక్కో దెబ్బ బలం కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతుంది, తగ్గితే నాలుగో వంతు దాకా. వెటరన్‌లో ఆ దయ లేదు. మెరైన్ నుంచి వెటరన్‌కి మారినవాళ్ళకి 1.7 రెట్లు కాదు, అంతకంటే ఎక్కువ తగిలినట్టు అనిపించేది అందుకే.

నీడలదొర
ఇది తెలియదు నాకు. మంచి ముక్క.

బిఎఫ్‌జి_బుజ్జి
నాని పోస్టు చదివాక రిక్రూట్‌లో ఆడేవాళ్ళని ఎగతాళి చేయడం మానేయండి అందరూ. చదువుతుంటేనే హెల్త్ తగ్గింది.

నీడలదొర
అయినా నా ఫిర్యాదు నాదే. వెనక గోడ తెరుచుకుని రాక్షసుడు దూకడం, పోర్టల్ మెరుపులో ముందొకటి వెనకొకటి ప్రత్యక్షం కావడం, 12 లెవెల్స్‌లో ఇదే మంత్రం. మూడోసారికి భయం పోయి అలవాటవుతుంది. మెయిన్ గేమ్ మొదటి గంటలో ఎవరూ దాడి చేయకుండానే భయపెట్టారు, ఇక్కడ మొదటి నిమిషం నుంచే కాల్పులు.

మార్స్‌మామ
ఆ మాట కాదనను. నర్వ్ సాఫ్ట్‌వేర్‌వాళ్ళు చేసింది యాక్షన్ ఎక్స్‌పాన్షన్. విషపు వాయువున్న భాగం మాత్రం లెక్కలోంచి తీసేయకండి. ఎన్విరో సూట్ వేసుకుని, గాలి అయిపోయే లోపల తర్వాతి చోటుకి చేరాలి. దారి తప్పితే చావే. అక్కడ శత్రువుల కంటే దారి వెతుక్కోవడమే భయం.

టార్చ్‌తాత
అందులో సూట్‌కే లైట్ ఉంటుంది, చేతిలో తుపాకీ ఉంటుంది. అంటే డక్ట్ టేప్ లేకుండానే రెండూ. అక్కడ మాత్రం నాకు అభ్యంతరం లేదు.

పీకే4పిచ్చి
చరిత్రలో రాసిపెట్టుకోండి, తాత ఒప్పుకున్నాడు.

కన్సోల్‌కింగ్
ఆ భాగంలోకి వెళ్ళే ముందు సేవ్ వేరే స్లాట్‌లో పెట్టు, క్విక్‌సేవ్ మీదే ఆధారపడకు. గాలి అయిపోయే ముందు క్షణంలో క్విక్‌సేవ్ నొక్కితే లోడ్ చేసిన ప్రతిసారీ చావే. విండోస్‌లో డ్యూమ్3 సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కింద, లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లోని .లోకల్, షేర్ కింద ఉంటాయి. ఎక్స్‌పాన్షన్‌వి డి3ఎక్స్‌పి లోపల విడిగా. మోడ్ మార్చే ముందు ఆ ఫోల్డర్ కాపీ తీసి పక్కన పెట్టుకో, మోడ్‌తో చేసిన సేవ్ మోడ్ తీసేశాక తెరుచుకోకపోవచ్చు.

తుప్పుబుల్లెట్
మోడ్ కలిపేశా, పని చేస్తోంది. పీకే4పిచ్చి చెప్పినట్టు పై ఫోల్డర్‌తో కలిపి జిప్ చేయడమే మొదట తగిలిన దెబ్బ. మషీన్ గన్‌కి లైట్ వచ్చింది, డబుల్ బ్యారెల్‌కి రాలేదు.

పీకే4పిచ్చి
రాదు మరి. నువ్వు తీసుకున్నది మెయిన్ గేమ్ మోడ్, అందులో డబుల్ బ్యారెల్ అనే ఆయుధమే లేదు, కాబట్టి దానికి లైన్లూ లేవు. మామూలు షాట్‌గన్ డెఫ్‌లో (ఆ ఆయుధం వివరాలుండే ఫైల్) లైట్ కోసం కలిపిన లైన్లు డబుల్ బ్యారెల్ డెఫ్‌లో కూడా పెట్టు. లైట్ అంటుకునే జాయింట్ పేరు మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది, షాట్‌గన్‌ది అలాగే దింపితే లైట్ నీ కాళ్ళ దగ్గర పడుతుంది. ఆ ఆయుధం డెఫ్‌లో బ్యారెల్ జాయింట్‌గా ఏ పేరు ఇచ్చారో చూసి అదే వాడు.

టార్చ్‌తాత
దానికి లైట్ వద్దు. పేల్చినప్పుడు వచ్చే మెరుపు చాలు.

రెండుగొట్టాలు
తాతతో నేను. ఇవాళ అందరూ కలిసిపోతున్నారేంటి ఈ దారంలో.

నైట్‌మేర్‌నాని
తుప్పుబుల్లెట్, చివరి మాట ఒకటి ముందే వినుకో. డెల్టా దాటి హెల్‌కి వెళ్ళేటప్పుడు ఆర్టిఫాక్ట్ 3 ఛార్జ్‌లూ నిండి ఉండేలా చూసుకో. చివర్లో మాలెడిక్ట్ అనే ఆఖరి బాస్ ఎగురుతూ నిప్పు ఊదుతుంది, ఉల్కలు కురిపిస్తుంది, మధ్యలో ఫర్గాటెన్ వన్‌లని పంపుతుంది. పుర్రెలు వచ్చినప్పుడు ఆర్టిఫాక్ట్ వాడి వృథా చేయకు, వాటికి గ్రాబరే చాలు. ఉల్కలు మొదలైనప్పుడు వాడు, ఆ టైమ్‌లో తప్పించుకోవడమే కాదు, దాని తల మీద రాకెట్లు కూడా దించొచ్చు. బిఎఫ్‌జి తుపాకీ సెల్స్ అప్పటిదాకా దాచు.

తుప్పుబుల్లెట్
రాసుకున్నా నాని. ఇంతకీ దారిలో ఆర్కేడ్ మెషిన్ ఒకటి కనపడింది, ఇటుకలు పగలగొట్టే ఆట. హెల్లనాయిడ్ అట. అది గెలిస్తే ఏమైనా వస్తుందా?

మార్స్‌మామ
స్కోరు వస్తుంది.

రెండుగొట్టాలు
ఆడేముందు వెనక తలుపు వైపు ఒకసారి చూసుకో.